బండిని చూసి పీట వేస్తున్నామా?



ఒక ఆదివారం రెండవ పూజ ముగిసింది. మా విచారణకు చెందిన ఒక ఉద్యోగి తన కొత్త కారును దీవించమని గుడి ముందుకు తెచ్చారు. తెల్లని పెద్ద కారు. ముందు భాగాన బంతిపూల దండ. నేను స్టోలు ధరించి, ప్రార్థన చదివి, పవిత్ర జలం చల్లాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన అందరికీ మిఠాయి పంచారు. ఆయన భార్య మాత్రం కాస్త దూరంగా, మరియమాత గుహ దగ్గర నిలబడి ఉన్నారు. "ఏమ్మా, మీరు ఎక్కి చూడరా?" అని అడిగాను. "ఎక్కుతాను ఫాదర్. ఇంకా ఏడేళ్ళు ఎక్కాలి గదా" అని నవ్వారు. ఆ మాటకు అర్థం ఆ రోజు నాకు తెలియలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంకాలం ఆయన ఒంటరిగా నా దగ్గరకు వచ్చారు. ఆ సంభాషణను ఆయన అనుమతితోనే, ఊరూ పేరూ చెప్పకుండా మీ ముందుంచుతున్నాను. ఎందుకంటే ఆ రోజు ఆయన నా దగ్గర నేర్చుకున్నదానికంటే నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

పదిహేనేళ్ళుగా ఆయనకు ఒక మారుతి 800 ఉండేది. ఎవరో వాడి అమ్మితే కొన్నది. భార్యనూ, ఇద్దరు పిల్లలనూ, ముసలి తల్లినీ అది ఎన్నడూ దారి మధ్యలో దించలేదు. ఆయన గుమాస్తాగా ఉన్నంతకాలం ఆఫీసులో ఆ కారుకు లోటేమీ లేదు. 'కారున్న గుమాస్తా' అని గౌరవంగానే చూశారు. అధికారిగా పదోన్నతి వచ్చాక చిక్కు మొదలైంది. షెడ్డులో ఆయనకు ఇచ్చిన చోటు పై అధికారి కారు పక్కనే. "సార్, దీన్ని మ్యూజియానికి ఎప్పుడు పంపుతున్నారు?" అని ఒకరు, "ఇంత జీతం ఎక్కడ దాస్తున్నారండీ?" అని మరొకరు. తనిఖీకి నలుగురూ కలిసి వెళ్ళవలసి వస్తే, ఆయన బండిని వదిలి ఆయన కింద పనిచేసే ఉద్యోగి కారులో ఎక్కేవారు. ఒకనాడు వేరే ఊరినుంచి వచ్చిన అధికారి ఒకరు ఆయన ఆ బండి దిగడం చూసి, "మీ సార్ ఇంకా రాలేదా?" అని ఆయననే అడిగారట.

"గేటు దగ్గర కాపలా మనిషి కూడా నా వెనక వచ్చే కారుకు లేచి నిలబడేవాడు ఫాదర్. నాకు మాత్రం కూర్చునే చెయ్యెత్తేవాడు" అన్నారు.

చివరకు 15 లక్షల కారు కొన్నారు. చేతినుంచి 4 లక్షలు కట్టారు. అది పెద్దమ్మాయి నర్సింగు చదువుకని భార్యాభర్తలు కూడబెట్టిన సొమ్ము. మిగిలిన 11 లక్షలు అప్పు. నెలకు 18,000 చొప్పున ఏడేళ్ళు కట్టాలి. ఏడేళ్ళంటే 84 వాయిదాలు. నేను కాగితం మీద లెక్కవేసి చూపించాను. మొత్తం 15 లక్షల 12 వేలు. అంటే వడ్డీయే నాలుగు లక్షల పైచిలుకు. కూతురి చదువుకు దాచినంత సొమ్ము మళ్ళీ ఒకసారి వడ్డీ రూపంలో పోతుందన్నమాట. ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఇంట్లో కూర్చుని ఉంది.

అప్పుడు నాలోని గురువు మేల్కొన్నాడు. సెమినరీలో చదివిన తత్వశాస్త్రమంతా నాలుక చివరకు వచ్చింది. వస్తువు సారం వేరు, దాని పై లక్షణాలు వేరు అని అరిస్టాటిల్ చెప్పిన విషయం మొదలుపెట్టాను. "మనిషి విలువ కారులో లేదయ్యా, అది పై తొడుగు మాత్రమే" అని ఓ పది నిమిషాలు బోధించాను. ఆయన తల వంచుకుని విన్నారు. అంతా అయ్యాక నెమ్మదిగా ఇలా అన్నారు.

"ఆ సంగతి నాకూ తెలుసు ఫాదర్. కాని పోయిన ఏడాది పండుగ రోజు వేపచెట్టు కిందనుంచి నా పాత బండిని తీయించింది మీరే గదా!"

నాకు నోట మాట రాలేదు. ఆయన గుర్తుచేశాక నాకూ జ్ఞాపకం వచ్చింది. విచారణ పండుగనాడు పట్టణంలోని ఒక పెద్దమనిషి పెద్ద కారులో వస్తున్నారని తెలిసి, "నీడలో చోటు చేయండి" అని యువజన సంఘం కుర్రాళ్ళతో చెప్పాను. చెట్టు కింద ఏ బండి ఉందో, ఎవరిదో నేను అడగలేదు. పాత మారుతిని ఎండలోకి, పాఠశాల వెనుకకు పంపారు. పూజ అయ్యాక మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఆయన తల్లి ఆ ఎండలో అక్కడిదాకా నడిచిందట. దారిలో ఆమె ఏమీ అనలేదట. "ఇంటికి వెళ్ళాక 'నాయనా, ఒక మంచి బండి కొనరాదా?' అని మాత్రం అంది ఫాదర్" అన్నారాయన.

నేను మరచిపోయాను. ఆయన మరచిపోలేదు. ఆ కారు అప్పులో ఆఫీసువాళ్ళ వాటా ఎంతో నాకు తెలియదు గాని, నా వాటా మాత్రం ఉంది.

ప్రియ సహోదరీ సహోదరులారా! తోటివారు మన బండిని చూసి మనల్ని అంచనా వేస్తారనే మాట అబద్ధం కాదు. "ఎవరేమనుకుంటే మనకేమిటి?" అని ప్రసంగపీఠం మీదనుంచి చెప్పడం సులభం. రోజూ అదే షెడ్డులో బండి నిలిపి, అదే మెట్లెక్కి, అవే ముఖాలను చూడవలసినవారికి అది అంత సులభం కాదు. మనిషి గుణం తెలియాలంటే కలిసి పనిచేయాలి, కష్టంలో చూడాలి, మాట నిలుపుకుంటాడో లేదో గమనించాలి. అందుకు ఏళ్ళు పడుతుంది. కారును చూడడానికి అర నిమిషం చాలు. అందుకే మన కన్ను దగ్గర దారి వెతుక్కుంటుంది. తెలియని మనిషికి తెలిసిన కారు ధరను అంటగట్టి, ఇక తెలిసిపోయిందనుకుంటుంది.

కాని ఆ కన్ను ఎంత నిలకడలేనిదో చూడండి. మారుతి 800 మొదటి కారును 1983 డిసెంబరులో నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ స్వయంగా యజమానికి అందించారు. ఆ రోజుల్లో వీధిలోకి ఆ కారు వస్తే పిల్లలు చుట్టూ మూగేవారు. 2014లో దాని తయారీ ఆగిపోయింది. నేడు అదే కారు ఆఫీసులో నవ్వులాటకు వస్తువు. తెల్ల అంబాసిడర్ మీద ఎర్రబుగ్గ వెలిగితే ఊరంతా పక్కకు తప్పుకున్న కాలం మనకు తెలుసు. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే నిలిచిపోయింది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్లకు ఎర్రబుగ్గలు కూడా తీసివేశారు. ఇనుము మారలేదు, చక్రాలు మారలేదు. మారింది మన చూపు. ఇంత త్వరగా మారే చూపు కోసం ఏడేళ్ళ అప్పు చేయడం ఎంతవరకు వివేకం?

నానో కారు సంగతి కూడా మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒకే స్కూటరు మీద భార్యాబిడ్డలతో వెళ్ళే కుటుంబాలను చూసి, వారికి అందుబాటులో ఒక కారు ఉండాలని రతన్ టాటా గారు తలపెట్టారు. 2008 జనవరిలో ఢిల్లీలో దానిని ప్రదర్శించారు. 2009లో లక్ష రూపాయల కారుగా అది మార్కెట్టులోకి వచ్చింది. సుమారు పదేళ్ళకే దాని తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీని ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి మార్చవలసి రావడం, కొన్ని కార్లలో మంటలు రావడం వంటి కారణాలు కొన్ని ఉన్నాయి. అయితే దానిని 'అన్నిటికంటే చవక కారు' అని ప్రచారం చేయడమే పొరపాటైందని రతన్ టాటా గారే తర్వాత ఒప్పుకున్నారు. వానలో తడుస్తూ వెళ్ళే కుటుంబానికి పైకప్పు కావాలి, నిజమే. కాని 'చవక కారువాళ్ళు' అనిపించుకోవడం కంటే తడవడమే మేలని చాలామంది అనుకున్నారేమో! తోటివారి చూపుకు ఉన్న బలం అంతటిది.

ఈ జబ్బు నేటిది కాదు. అపొస్తలుల కాలంలోనే రోములో సెనెకా అనే తత్వవేత్త ఉండేవాడు. కొరింతులో పునీత పౌలును ఎవరి న్యాయపీఠం ముందుకు ఈడ్చుకువచ్చారో, ఆ గల్లియోకు ఈయన స్వయానా తమ్ముడు. సెనెకా గొప్ప ధనవంతుడు. నిరాడంబరంగా బ్రతకడం నేర్చుకుందామని ఒకసారి మిత్రునితో కలిసి ఒక రైతుబండి ఎక్కి ప్రయాణం చేశాడు. బక్కచిక్కిన కంచరగాడిదలు, కాళ్ళకు చెప్పులు లేని బండివాడు. ఆ ప్రయాణం గురించి మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో ఆయన దాపరికం లేకుండా ఒక సంగతి ఒప్పుకున్నాడు. దారిలో గొప్ప పరివారం ఎదురైనప్పుడల్లా తనకు సిగ్గుతో ముఖం ఎర్రబడిందట. ఆ బండి తనదే అనుకుంటారేమోనని లోలోపల ఇబ్బంది పడ్డాడట. అప్పుడు ఆయనకు తోచింది, నాసి బండికి సిగ్గుపడే మనిషే ఖరీదైన బండి దొరికితే గర్వపడతాడని.

ఎంత లోతైన ఆత్మశోధన! సిగ్గు వేరు, గర్వం వేరు అనుకుంటాం మనం. రెండూ ఒకే వేరునుంచి పుట్టినవి. ఇద్దరూ తమ విలువను ఎదుటివారి కన్నుల్లో వెతుక్కుంటున్నారు. ఒకరికి తక్కువ కనబడింది, మరొకరికి ఎక్కువ కనబడింది, అంతే తేడా. నేను కూడా ఒకప్పుడు పాత స్కూటరు మీద గురువుల సమావేశానికి వెళ్ళి, దానిని గేటు బయట గోడ చాటున నిలిపి లోపలికి నడిచి వెళ్ళినవాడినే. దారిద్ర్యం గురించి ధ్యానం చెప్పుకోవడానికి వెళ్ళిన సమావేశం అది!

దైవవాక్కు ఈ విషయంలో ఎంతో సూటిగా ఉంది. పునీత యాకోబు తన లేఖ రెండవ అధ్యాయంలో ఒక ప్రార్థన కూటాన్ని మన కళ్ళకు కట్టిస్తాడు. బంగారు ఉంగరం, మంచి బట్టలు ధరించినవాడు వస్తే మంచి ఆసనం చూపిస్తారు. మాసిన బట్టలవాడు వస్తే నిలబడమంటారు, లేదా కాళ్ళ దగ్గర కూర్చోమంటారు. గమనించండి, యాకోబు ఇక్కడ ఉంగరం పెట్టుకున్నవానిని మందలించలేదు. ఆసనం చూపినవారిని మందలించాడు! ఉంగరం బదులు కారు అనుకోండి, ఆసనం బదులు చెట్టు నీడ అనుకోండి, అది మా విచారణ పండుగే. సమూయేలు ప్రవక్త అంతటివాడు కూడా యిషాయి ఇంట పెద్దకొడుకు ఎలియాబు ఎత్తునూ రూపాన్నీ చూసి, అభిషేకించవలసింది అతనినే అనుకున్నాడు. మనిషి కంటికి కనబడేదానిని చూస్తాడని, తాను హృదయాన్ని చూస్తానని దేవుడు ఆయన పొరపాటును సరిదిద్దవలసి వచ్చింది.

ఇక మన ప్రభువు మాట? రాజుగా యెరూషలేములో ప్రవేశించిన ఆ ఒక్కనాడు ఆయన ఎక్కినది గాడిద. అదీ సొంతం కాదు, అడిగి తెచ్చింది. మ్రానికొమ్మల ఆదివారంనాడు మనం ఆకులు పట్టుకుని పాడేది ఆ ఊరేగింపును తలచుకునే. గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళినవారికి తెలుసు, ఎంత పెద్ద వాహనంలో వచ్చినవారైనా కొండమీది సిలువ దగ్గరకు కాళ్ళతోనే మెట్లెక్కాలి. ఆ మెట్లమీద ఎవరు ఏ బండి దిగి వచ్చారో ఎవరికీ తెలియదు.

శ్రీసభ పెద్దలు కూడా మనకు దారి చూపారు. 1964 డిసెంబరులో బొంబాయి దివ్యసత్ప్రసాద మహాసభకు పునీత ఆరవ పౌలు పాపుగారు విచ్చేసినప్పుడు, వారి వాడకానికి వచ్చిన లింకన్ కారును తిరిగి వెళ్ళేటప్పుడు మదర్ తెరెసా గారికి ఇచ్చారు. ఆమె దానిని తాము తిరగడానికి ఉంచుకోలేదు. లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠురోగుల కోసం వినియోగించారు. 2013 జులైలో గురువిద్యార్థులతోను, మఠ అభ్యర్థులతోను మాట్లాడుతూ ఫ్రాన్సిసు పాపుగారు, కొత్త నమూనా కారులో తిరిగే గురువునో సిస్టరునో చూస్తే తనకు బాధ కలుగుతుందని చెప్పారు. పనికి కారు అవసరమే గాని నిరాడంబరమైనది ఎంచుకోండి, ఆకలితో చనిపోతున్న పిల్లలను తలచుకోండి అన్నది వారి హితవు. 2025 ఏప్రిల్‌లో పరమపదించిన ఆ పాపుగారు తాను తిరిగినవి కూడా సామాన్యమైన కార్లే. ఆ హితవు మొట్టమొదట మా గురువులకే వర్తిస్తుంది. అందుకే ఇక్కడ దాచకుండా వ్రాస్తున్నాను.

అయితే ఒక జాగ్రత్త అవసరం. కారు కొనడం పాపం కాదు. నడవలేని తల్లిదండ్రులు ఉన్న ఇంటికి, రాత్రివేళ ఆసుపత్రికి పరుగెత్తే డాక్టరుకు, దూరాన ఉద్యోగం చేసే ఆడపిల్లకు కారు గొప్ప మేలు. స్తోమత ఉండి మంచి కారు కొన్నవారిని చూసి "గర్విష్ఠి" అనుకుంటే మనం కూడా బండిని చూసే మనిషిని తూచినట్లు గదా! "నాది పాత బండేనండీ, నాకు ఆడంబరాలు గిట్టవు" అని పదిమందిలో చెప్పుకోవడంలోనూ గర్వం దాగి ఉండవచ్చు. ఆనాడు చెట్టు నీడ ఇచ్చిన పెద్దమనిషిని ఈ మధ్య కలిసి జరిగినదంతా చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "నేను నీడ అడగలేదు గదా ఫాదర్. ముందే చెప్పి ఉంటే ఎండలోనే నిలిపేవాడిని" అన్నారు. నేను ఇద్దరికీ అన్యాయం చేశాను. ఒకరిని తక్కువ చేశాను, మరొకరిని ఆయన కోరని పీట మీద కూర్చోబెట్టాను.

ఇక ఆ కుటుంబం సంగతి. మరో నాలుగు నెలలు భార్యాభర్తలు ఆలోచించుకుని కారు అమ్మేశారు. బాకీ తీర్చగా చేతికి లక్షన్నర మిగిలింది. దానితో అమ్మాయిని నర్సింగులో చేర్చారు, ఒక ఏడాది ఆలస్యంగా. మళ్ళీ ఒక పాత చిన్న కారు కొన్నారు, ఆ తల్లి కోసం. "ఆఫీసులో ఏమన్నారు?" అని అడిగాను. "రెండు రోజులు మాట్లాడుకున్నారు ఫాదర్. మూడో రోజు ఇంకెవరి ఇంట్లోనో పెళ్ళి మాటలు వచ్చాయి, నన్ను మరిచిపోయారు. ఆ రెండు రోజుల మాటల కోసం నా కూతురు ఒక ఏడాది ఇచ్చింది" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకు చెప్పడానికి నా దగ్గర తత్వశాస్త్రం ఏమీ లేదు. క్షమించమని మాత్రం అడిగాను. ఆయన తల్లి దగ్గరకూ వెళ్ళి అడిగాను. "పోనివ్వండి స్వామీ, ఎండ ఎవరికైనా ఎండే" అన్నది ఆ తల్లి.

ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోండి. కారైనా, మోటారు సైకిలైనా, సెల్‌ఫోనైనా కొనే ముందు ఇలా ప్రశ్నించుకోండి. దీనిని తోటి ఉద్యోగులు గాని చుట్టాలు గాని ఎన్నడూ చూడరని తెలిస్తే అప్పుడు కూడా కొంటామా? దీని వాయిదాల వల్ల ఇంట్లో ఎవరి అవసరం ఆగిపోతుంది? ఆ మాట వారిని అడిగామా? భర్త ఒక్కడే నిర్ణయించి తెచ్చిన కారులో భార్య ఎక్కుతుంది గాని, ఆమె మనస్సు ఎక్కదు.

ఉద్యోగాలు చేసేవారికి మరొక మనవి. మీ ఆఫీసులో, మీ పాఠశాలలో పాత బండి మీద వచ్చే సహోద్యోగి ఎవరో ఒకరు ఉంటారు. ఆ బండి వెనుక ఏ కూతురి ఫీజు ఉందో, ఏ తండ్రి మందుల ఖర్చు ఉందో మీకు తెలియదు. సరదాకు అన్న మాట ఆయన ఇంటికి వెళ్ళి అప్పుగా మారుతుంది. రేపు తనిఖీకి వెళ్ళేటప్పుడు, "మీ బండిలో వెళ్దాం పదండి" అని ఆయనతో అనండి. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని అప్పునుంచి కాపాడవచ్చు.

మా విచారణలో ఈ ఏడాది పండుగకు వేపచెట్టు కింద ఒక బల్ల పెట్టించాను. 'ఈ నీడ ముసలివారికి, నడవలేనివారికి' అని వ్రాయించాను. చిన్న పనే. కాని అది నా పశ్చాత్తాప క్రియ.

ప్రభువా, మా కన్నులకు పట్టిన ధరల పొరను తొలగించు. నీవు చూసినట్లు మనిషిని చూడడం మాకు నేర్పు. మా మాటవల్ల, మా చూపువల్ల సిగ్గుపడినవారిని నీవే ఓదార్చు. మా కుటుంబాలను అప్పులనుంచి, ఆడంబరంనుంచి కాపాడుము. ఆమెన్.